పడి ఉన్న బోటు మోటారును ఇంటిల్లిపాదీ కలిసి బాగుచేయడం

పాడైన మోటారు వేరు, పడి ఉన్న మోటారు వేరు. పాత అవుట్‌బోర్డ్ మోటారు, అంటే పడవ వెనక బయట తగిలించేది, ఒకటి చేతికొస్తే అది ఈ రెండిట్లో ఏదో ముందు తేల్చుకోవాలి. షెడ్డు మూలల్లో ఏళ్ళ తరబడి నిలబడి ఉన్నవాటిలో చాలా మటుకు రెండో రకమే. వాటి ఇనుము అరగలేదు. లోపల పెట్రోలు ఆవిరై జిగురు మిగిలింది, రబ్బరు ఎండి గట్టిపడింది, స్పార్కు కరెంటును కలిపి విడదీసే పాయింట్ల మీద సన్నటి పొర పట్టి కరెంటు ఆగిపోయింది. ఈ మూడూ ఇంట్లో సరిచేసుకోగలిగినవే, కొంత పిల్లల చేత చేయించగలిగినవే. అందుకే "మొత్తం విప్పేద్దాం" అనే ఉత్సాహాన్ని నేను మొదట్లోనే ఆపేస్తాను. విప్పాల్సింది మూడు నాలుగు చోట్ల. క్రాంకు షాఫ్టు దాకా వెళ్ళే అవసరం కనబడితే తప్ప అటు వెళ్ళొద్దు.

నేను చెప్పేదంతా మా నాన్న మోటారు మీద చేసిన పని. రెండు సిలిండర్ల టూస్ట్రోక్, 6 హార్స్‌పవర్, 1970ల మొదట్లోది, తాడు లాగి స్టార్ట్ చేసేది. ఇంటి పనిగా మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి సైజు లేదు. ఇద్దరు మోయగలరు, ఎలక్ట్రానిక్స్ గొడవ లేదు, పేరున్న కంపెనీల పాత మోడళ్ళకు ఇంపెల్లర్లు (నీళ్ళ పంపులోని రబ్బరు చక్రాలు), గ్యాస్కెట్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఎవిన్‌రూడ్ పేరుతో కొత్త మోటార్ల తయారీ 2020లో ఆగిపోయినా పాతవాటి సామాన్లు వస్తూనే ఉన్నాయి. ఆ పేరుకు మూలమైన ఓలె ఎవిన్‌రూడ్ 1909లో అమ్మకానికి పెట్టిన మోటారులోనూ పైన ఫ్లైవీల్ అనే బరువైన చక్రం, మధ్యలో నిలువు షాఫ్టు, కింద నీళ్ళలో గేర్లు. మా దాంట్లోనూ అంతే. ఇది ఒకసారి బుర్రకెక్కితే ఏ పాత మోటారూ కొత్తగా అనిపించదు.

ఎవరికి ఏ పని

మా ఇంట్లో పానా పట్టేది నేను. మా ఆయనకు పెట్రోలు వాసన పడదు, కానీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, ఓపిక ఎక్కువ. కాబట్టి నోటుబుక్కూ ఫోటోలూ ఆయనవి. పదమూడేళ్ళ అమ్మాయికి కార్బురేటర్ ఇచ్చాను. ఎనిమిదేళ్ళ వాడికి బోల్టులు. నాన్న కుర్చీ వేసుకుని కూర్చుని, ఏది ఎప్పుడు మార్చారో చెప్పేవారు. ఆయన జ్ఞాపకాన్ని గౌరవించాను గానీ, ప్రతిదీ కొలిచి చూశాను. "నీళ్ళ పంపు మొన్ననే మార్చానే" అన్నారు. ఆ మొన్న ఎప్పటిదో నేను అడగలేదు, పంపు మాత్రం విప్పాను.

పిల్లలతో చేసేటప్పుడు ఒక మనిషికి ఒక భాగం పూర్తిగా అప్పగించడం మంచిది. అందరూ ఒకేదాని చుట్టూ చేరితే చిన్నవాళ్ళు పావుగంటలో విసుగెత్తి పోతారు, పెద్దవాళ్ళు ఒకరి చేతిలోంచి ఒకరు స్క్రూడ్రైవర్ లాక్కుంటారు. భాగం తనదైతే మరుసటి వారం కూడా దాని గురించి అడుగుతారు.

బోల్టుల పని చిన్నదేం కాదు. విప్పుతున్న భాగం ఆకారాన్ని అట్టముక్క మీద గీయించండి. ఏ రంధ్రంలోంచి ఏ బోల్టు వచ్చిందో అట్టలో అక్కడే గుచ్చమనండి. ఒకే చోట పక్కపక్కనే పొడుగూ పొట్టీ బోల్టులు ఉంటాయి. పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే అవతల వైపు అల్యూమినియం పగులుతుంది. మావాడు అట్టల మీద తేదీలు కూడా వేశాడు, ఎవరూ చెప్పకుండానే.

పిల్లల చేతికి ఇవ్వకూడనివి ముందే చెప్పేయాలి: పెట్రోలు, ఫ్లైవీల్, వేడి పెట్టే గన్ను, తాడు చుట్టుకునే స్ప్రింగు. ఆ చివరిదాన్ని చాలామంది లెక్కచేయరు. స్టార్టర్ డబ్బాలో బిగుసుకుని ఉన్న స్ప్రింగు ఒక్కసారి జారిందంటే ముఖం మీదికే వస్తుంది. అది విప్పాల్సి వస్తే గాగుల్స్, మందపాటి గ్లవ్స్ వేసుకుని, పిల్లల్ని బయటికి పంపి విప్పండి. తాడు ఒక్కటే మార్చాలంటే చాలా మోడళ్ళలో స్ప్రింగు జోలికి వెళ్ళనక్కర్లేదు.

ఇంకొకటి, స్టాండు. మోటారును నేల మీద పడుకోబెట్టి పని చేయొద్దు. రెండు నిలువు చెక్కలు, వాటి మీద బిగించిన మందపాటి అడ్డపలక, కింద వెడల్పాటి కాళ్ళు ఉంటే చాలు. పలక పైఅంచు నేలకు 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే పొట్టి షాఫ్టు మోటారు కింది కొస నేలకు తగలదు. చక్రాలు పెడితే ఇంకా సుఖం.

విప్పకముందు చూడాల్సినవి

మోటారు నంబరు పలక సాధారణంగా బోటుకు బిగించే బ్రాకెట్ మీద ఉంటుంది. మసి తుడిచి రాసుకోండి. సామాన్లన్నీ ఆ నంబరు మీదే కొనాలి, "6 హార్స్‌పవర్‌ది ఇవ్వండి" అంటే కుదరదు. 1980 నుంచి వచ్చిన జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లయితే పిల్లలకు ఒక సరదా ఉంది. మోడల్ నంబరులో సంవత్సరాన్ని రెండు అక్షరాల్లో దాచారు. ఇంగ్లీషులో 'ఇంట్రడ్యూసెస్' అనే మాటలోని పది అక్షరాలకు వరసగా 1 నుంచి 9, చివరి ఎస్‌కు 0. సీ అంటే 8, ఓ అంటే 5, కాబట్టి 'సీఓ' ఉంటే అది 1985 మోడల్.

తర్వాత ప్లగ్గులు రెండూ తీసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పండి. పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి, ఎందుకంటే కింద పంపులో రబ్బరు రెక్కలు అటు తిరగడానికి తగ్గట్టే వంగి ఉంటాయి. సాఫీగా తిరిగితే సగం గెలిచినట్టే. అసలు కదలకపోతే తాడు పట్టుకుని బలంగా గుంజడం మొదలుపెట్టకండి. ప్లగ్గు రంధ్రాల్లోంచి తుప్పు వదిలించే ఆయిలు పోసి కొన్ని రోజులు వదిలేయండి. రోజూ ఒకసారి ఫ్లైవీల్ మీద రెండు చేతులూ వేసి నెమ్మదిగా ఒత్తిడి పెట్టి చూడండి. వెంట్రుకవాసి కదిలినా చాలు, ఇంకాస్త ఆయిలు పోసి ఆగండి. మోటారు ఎప్పుడైనా నీళ్ళలో మునిగిందని తెలిస్తే మాత్రం ఈ ఓపిక దండగ. అది పూర్తిగా విప్పాల్సిన కేసు, మొదటి ప్రాజెక్టుగా తీసుకోవద్దు.

సిలిండర్ లోపలి ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ గేజీ అద్దెకో అరువుకో తెచ్చుకోండి. థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ప్లగ్గు వైర్లు రెండూ ఇంజను బాడీకి ఎర్త్ చేసి, ముల్లు ఇక పెరగనంతవరకు తాడు లాగాలి. వైర్లు ఎర్త్ చేయకపోతే స్పార్కు కరెంటు పుట్టించే కాయిల్ మీద భారం పడి చెడిపోవచ్చు. అంకె కంటే రెండు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. చిన్న పాత టూస్ట్రోకుల్లో 70 నుంచి 100 పీఎస్‌ఐ మధ్య ఎంత చూపించినా హాయిగా నడిచేవి ఉన్నాయి. కానీ ఒకటి 90, ఇంకోటి 55 చూపిస్తే ఆ రెండోదాని కథ వేరు. హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు, లేదా మసి పట్టి రింగులు అతుక్కుని ఉండొచ్చు. తేడా 10, 15 శాతం లోపు ఉంటే ఆ వైపు మర్చిపోండి.

స్పార్కును ఊరికే ప్లగ్గు బయటపెట్టి చూస్తే నమ్మలేం. గ్యాప్ మార్చుకునే స్పార్క్ టెస్టర్ చవకది చాలు. 6 మిల్లీమీటర్ల గ్యాప్‌ను నీలంగా, చురుగ్గా దాటాలి. పచ్చగా, నీరసంగా వస్తే ఫ్లైవీల్ తీయక తప్పదు. ఈ పరీక్ష చేసేటప్పుడు పెట్రోలు ట్యాంకు ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

గేరు ఆయిలు కూడా ఇప్పుడే చూడండి. కింది స్క్రూ వదులు చేస్తే ముందు నీళ్ళు కారినా, ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులో వచ్చినా లోపలికి నీళ్ళు పోయాయి, సీళ్ళు మార్చాలి. నల్లగా, చిక్కగా వస్తే అది ముసలి ఆయిలే తప్ప జబ్బు కాదు. లోహపు ముక్కలు పడితే గేర్లు అరిగాయి. అప్పుడు మోటారు బాగుచేయాలా, అలాంటిదే ఇంకోటి కొని రెండిటినీ ఒకటి చేయాలా అని ఇంట్లో మాట్లాడుకోవాల్సిందే. ఒక జాగ్రత్త: కొన్ని మోటార్లలో ఆయిలు స్క్రూ దగ్గరే ప్లస్ తల ఉన్న ఇంకో స్క్రూ ఉంటుంది. అది లోపల గేరు మార్చే భాగాన్ని పట్టి ఉంచేది. ఆయిలు స్క్రూకు ఒకే గీత ఉంటుంది. ప్లస్‌ది తీశారంటే లోపలి భాగం జారుతుంది, గేర్‌కేసు (కింద గేర్లుండే డబ్బా) మొత్తం విప్పాలి. నాన్న కుర్చీలోంచి లేచి మరీ అరిచింది అక్కడే. "అమ్మాయ్, అది కాదే, పక్కది!"

పట్టేసిన బోల్టులు

పని ఎక్కువగా ఆగేది ఇక్కడే. అల్యూమినియంలో స్టీలు బోల్టు ఏళ్ళ తరబడి తడిలో ఉంటే మధ్యలో తెల్లటి బూడిదలాంటిది పేరుకుని రెండిటినీ అతికించేస్తుంది. ఉప్పునీటిలో తిరిగిన మోటారయితే మరీను. బలం పెడితే తల తెగుతుంది, తెగిన బోల్టును డ్రిల్లు చేసి తీయడం ఒక పూట పని.

ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిలు కొట్టండి. మర్నాడు బోల్టు తల మీద సుత్తితో చిన్నగా నాలుగు దెబ్బలు వేయండి. తర్వాత బోల్టును కాదు, దాని చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని వేడి చేయండి. అల్యూమినియం స్టీలు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి రంధ్రం కాస్త పెద్దదవుతుంది. ముందు రాత్రి కొట్టిన ఆయిల్ని తుడిచేయకుండా వేడి పెట్టొద్దు, అంటుకుంటుంది. దగ్గర్లో ఇంధనం పైపులుంటే అసలు మంట వాడకూడదు, వేడిగాలి గన్నే వాడాలి. అప్పుడు ముందు బిగించే వైపు కొంచెం, తర్వాత విప్పే వైపు కొంచెం, అలా అటూ ఇటూ. తిరిగి బిగించేటప్పుడు ప్రతి బోల్టు మరలకూ యాంటీ సీజ్ (పట్టేయకుండా పూసే పేస్టు) గానీ మెరైన్ గ్రీజు గానీ పూయండి. ఇంకో ఇరవై ఏళ్ళకు మళ్ళీ విప్పేవాళ్ళు మన పిల్లలే కావచ్చు.

కరెంటు, కార్బురేటర్

ఫ్లైవీల్ తీయడానికి పుల్లర్ కావాలి. అంచులు పట్టి లాగే మూడు కాళ్ళ పుల్లర్ కాదు. ఫ్లైవీల్ నడుమ ఉన్న మూడు మరల రంధ్రాల్లో బోల్టులు బిగించి, మధ్య స్క్రూతో షాఫ్టును నొక్కే రకం. అంచు పట్టి లాగితే ఫ్లైవీల్ వంగుతుంది. నట్టును పూర్తిగా తీసేయకుండా షాఫ్టు కొసతో సమానంగా ఉంచండి, మరలు దెబ్బతినవు. స్క్రూ బిగించి దాని తల మీద ఒక్కటి కొడితే టప్‌మని వదులుతుంది. కింద చిన్న లోహపు ముక్క, అంటే కీ, గాడిలో కూర్చుని ఉంటుంది. అది ఎక్కడికీ పోకుండా వెంటనే మావాడి అట్టమీదికి చేరింది.

లోపల పాయింట్లు, కండెన్సర్లు, కాయిల్స్ కనబడతాయి. కాయిల్ పైపూత పగిలి ఉంటే మార్చేయండి, అతికించి లాభం లేదు. పాయింట్లను అతి సన్నని ఎమరీ పేపరుతో ఒకసారి లాగి, తర్వాత ఆల్కహాలులో తడిపిన దళసరి తెల్ల కాగితాన్ని వాటి మధ్య పెట్టి లాగండి. కాగితం మీద నల్లటి గీత పడడం ఆగేదాకా లాగుతూనే ఉండాలి. పాత అమెరికన్ మోటార్లలో చాలావాటికి పాయింట్ల గ్యాప్ 0.020 అంగుళాలు, అంటే సుమారు అర మిల్లీమీటరు. క్యామ్ ఎత్తు మీద పాయింటు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఫీలర్ గేజీ పెట్టి చూడాలి. మీ మోటారు సర్వీసు పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి. తిరిగి పెట్టేటప్పుడు షాఫ్టు కొననూ ఫ్లైవీల్ లోపలినీ శుభ్రంగా, పొడిగా తుడవండి. అక్కడ గ్రీజు పూయకూడదు. ఆ రెండూ పొడిగా పట్టుకోవడం వల్లే ఫ్లైవీల్ నిలబడుతుంది, కీ మీద కాదు. నట్టు పుస్తకంలో ఉన్నంత టార్కుకు బిగించాలి.

ఇక కార్బురేటర్ అమ్మాయిది. నేను చేసింది బయటికి తీసి, మిగిలిన పెట్రోలు వంచేసి, ఆరనిచ్చి ఇవ్వడం, తర్వాత క్లీనరు పని దగ్గర పక్కన ఉండడం. అంతే. విప్పకముందు సర్దుబాటు స్క్రూలను మెల్లగా లోపలికి బిగిస్తూ ఎన్ని చుట్లు తిరుగుతున్నాయో లెక్కపెట్టి వాళ్ళ నాన్నకు చెప్పమన్నాను, అదీ నోటుబుక్కులోకి వెళ్ళింది. బిగింపు అడుగుకు తగలగానే ఆపాలి. ఇంకా నొక్కితే సూది కొనకు గాడి పడుతుంది, ఆ తర్వాత మోటారు ఏ సర్దుబాటుకూ లొంగదు.

లోపల పెట్రోలు మీద తేలుతూ మట్టాన్ని అదుపు చేసే ఫ్లోట్ కార్కుదా, ప్లాస్టిక్‌దా చూడండి. కార్కు ఫ్లోటుకు పైన వార్నిష్ పూత ఉంటుంది. ఈ కాలపు ఇథనాల్ కలిసిన పెట్రోలు ఆ పూతను తినేస్తుంది, కార్కు ఇంధనం పీల్చి బరువెక్కి మునుగుతుంది, పెట్రోలు పొంగుతుంది. అనుమానం ఉంటే కొత్తది వేయడమే మేలు. గ్యాస్కెట్లు, సూది, దాని సీటు కలిపి కిట్టుగా వస్తాయి. ప్లాస్టిక్, రబ్బరు ముక్కలన్నీ తీశాకే బాడీని క్లీనరులో నానబెట్టాలి, గాలి ఆడే చోట, చేతులకు గ్లవ్స్‌తో. జెట్టు రంధ్రాల్లో ఉక్కు తీగ, డ్రిల్లు ముక్క పెట్టొద్దు. ఆ రంధ్రం కొలతే మోటారు తాగే పెట్రోలు కొలత. క్లీనరు కొట్టి, గాలి ఊది, వెలుతురుకు పెట్టి చూస్తే గుండ్రంగా కనబడాలి. అవతలి వైపు వెలుగు కనబడ్డాక అమ్మాయి ఇంట్లో అందరికీ తిప్పి చూపించింది, వాళ్ళ నాన్నకైతే మూడోసారి.

బిగించాక బాడీని తలకిందులు చేస్తే ఫ్లోట్ అంచు బాడీ అంచుకు సమాంతరంగా ఉండాలి. చాలా పాత కార్బురేటర్లకు ఇదే లెక్క. సర్దుబాటు స్క్రూలను మెల్లగా అడుగుదాకా తిప్పి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తీస్తే మోటారు అందుకోవడానికి సరిపోతుంది.

పెట్రోలు పైపులు, పంపు పొర, చేత్తో నొక్కే రబ్బరు గుండు ఏవీ ఉంచుకోకండి, అన్నీ కొత్తవే. పాత పైపు బయటికి బాగానే కనబడుతుంది, లోపల పొట్టులా రాలి ఇప్పుడే కడిగిన కార్బురేటర్‌లోకి చేరుతుంది. 1950ల నాటి మోటార్లలో కొన్నింటికి ట్యాంకు నుంచి రెండు గొట్టాలు ఉంటాయి. ఒకటి గాలి ఒత్తిడితో ట్యాంకును నింపుతుంది, రెండోది పెట్రోలు తెస్తుంది. ఒత్తిడి మీద ఉండే పాత ట్యాంకు పిల్లలున్న చోట నాకు నచ్చదు. మామూలు పంపు పెట్టి ఒకే గొట్టానికి మార్చేవాళ్ళు ఉన్నారు, అదే నా సలహా.

నీళ్ళ పంపు

మోటారు ఎంత బాగున్నట్టు కనబడినా ఇంపెల్లర్ మార్చకుండా స్టార్ట్ చేయకండి. అది గేర్‌కేసు పైన, షాఫ్టు చుట్టూ కూర్చుని ఉండే రబ్బరు చక్రం. దాని రెక్కలు గుంట గోడకు రాసుకుంటూ నీళ్ళను పైకి తోస్తాయి. ఏళ్ళ తరబడి ఒకే భంగిమలో వంగి ఉన్న రెక్కలు అలాగే గట్టిపడిపోతాయి. నాన్న మొన్న మార్చిన దాని రెక్కలు వేలితో వంచితే విరిగాయి. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, "కంపెనీ సరుకు కాదనుకుంటా" అన్నారు.

ప్రొపెల్లర్ తీశాక, గేర్‌కేసును పట్టి ఉంచే బోల్టులు విప్పితే అది కిందికి దిగుతుంది. దిగేముందు గేరు మార్చే కడ్డీని విడదీయాలి. కొన్ని మోడళ్ళలో ఆ జాయింటు మోటారు కాలి (ఇంజనుకూ గేర్‌కేసుకూ మధ్య ఉన్న నిలువు భాగం) పక్కన చిన్న మూత వెనక ఉంటుంది, కొన్నింటిలో పైన ఇంజను కింద. కదలనప్పుడు ఈడ్చేకంటే అది ఎక్కడుందో వెతకడం మంచిది. పంపు డబ్బా తీసి ఇంపెల్లర్ కింద ఉన్న స్టీలు పలకను చూడండి. లోతు గాళ్ళు పడితే అదీ మార్చాలి, లేకపోతే కొత్త రబ్బరు కూడా నీళ్ళు తోయదు. పాత రెక్క ముక్క ఏదైనా తక్కువైతే అది పై గొట్టంలో ఇరుక్కుని ఉందన్నమాట. వెతికి తీయండి.

కొత్త ఇంపెల్లర్ వేసేటప్పుడు డబ్బా లోపల గ్లిజరిన్ గానీ సబ్బునీళ్ళు గానీ రాయండి. షాఫ్టును గడియారం ముల్లు వైపు తిప్పుతూ డబ్బాను కిందికి నొక్కితే రెక్కలు సరైన వైపు వంగి కూర్చుంటాయి. నీళ్ళ గొట్టం దిగే చోట రబ్బరు వాషరు ఉంటుంది, దాన్ని మర్చిపోతే నీళ్ళు తలదాకా పోవు. గేర్‌కేసు ఎక్కించేముందు షాఫ్టు పళ్ళకు పక్కల మాత్రమే గ్రీజు. కొన మీద ముద్ద పెడితే అది లోపల బిరడాలా అడ్డుపడి గేర్‌కేసు పూర్తిగా కూర్చోదు. ఈ పని ఇద్దరు చేయాలి. ఒకరు కింది నుంచి ఎత్తుతుంటే ఒకరు ఫ్లైవీల్‌ను కొద్దికొద్దిగా తిప్పాలి, అప్పుడు పళ్ళు కలుస్తాయి. నీళ్ళ గొట్టమూ గేరు కడ్డీ తమ చోట్లోకి వెళ్ళాయో లేదో టార్చి పట్టుకుని చూసేవాళ్ళు ఇంకొకరుంటే ఇంకా మంచిది. మా ఆయన పెట్రోలు వాసన లేని పని ఇదొక్కటేనని ముందుకొచ్చారు.

ప్రొపెల్లర్ తీసినప్పుడు దాని వెనక షాఫ్టు చుట్టూ చేపల గాలం దారం చుట్టుకుని ఉందేమో చూడండి. అదే సీలును కోసి గేరు ఆయిల్లోకి నీళ్ళు పంపుతుంది. ప్రొపెల్లర్‌ను పట్టి ఉంచే షియర్ పిన్ను మెత్తటి లోహంతో చేస్తారు, రాయికి తగిలితే గేర్లకు బదులు అది తెగాలని. తెగిన చోట మేకు కొట్టి సర్దేసిన మోటారు మీ చేతికొస్తే ముందు ఆ మేకు తీసేయండి.

గేరు ఆయిలు కింది రంధ్రం నుంచి నింపాలి, పై రంధ్రంలోంచి బుడగలు లేకుండా బయటికొచ్చేదాకా. ముందు పై స్క్రూ బిగించి, తర్వాత కింది గొట్టం తీసి ఆ స్క్రూ పెట్టండి. వాషర్లు కొత్తవి.

రంగు

మాకు గొడవ జరిగింది ఒక్క దీని మీదే. నాన్నకు పాత రంగే కావాలి, అమ్మాయికి నారింజ రంగు కావాలి. కౌలింగ్, అంటే ఇంజను పై మూత, పాత రంగులో, పడవను తిప్పే టిల్లర్ పిడి నారింజలో తేలింది. రంగును ఆఖర్న పెట్టుకోండి, మోటారు నడిచాకే. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, కాబట్టి తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి, చిన్నపిల్లల్ని దూరంగా ఉంచండి. బొమ్మలు, అక్షరాలు రుద్దేముందు ట్రేసింగ్ పేపరు మీద దించుకోవాలి. బట్టబయలైన అల్యూమినియం మీద మామూలు ప్రైమర్ నిలవదు, దానికి ఎచింగ్ ప్రైమర్ వేయాలి. గేర్‌కేసు దగ్గర జింకు ముక్క ఉంటే దాని మీద రంగు పడనివ్వకండి. మిగతా లోహానికి బదులు అది కరిగిపోవడానికే అక్కడుంది, రంగేస్తే పనిచేయదు.

మొదటిసారి స్టార్ట్ చేయడం

ఆరుబయట, నీళ్ళ డ్రమ్ములో. గదిలోనూ షెడ్డులోనూ వద్దు, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. నీళ్ళు ప్రొపెల్లర్ పైన ఉన్న అడ్డపలకకు బాగా పైదాకా ఉండాలి. ప్రొపెల్లర్ తీసేయండి. డ్రమ్ములో నీళ్ళు చిమ్మవు, పిల్లల చేతులకు భయం ఉండదు. నీళ్ళు లేకుండా "ఒక్కసారి లాగి చూద్దాం" అనేవాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. కొత్త ఇంపెల్లర్ పొడిగా తిరిగితే కొన్ని క్షణాల్లో కాలుతుంది, వాళ్ళను తాడు దగ్గరికి రానివ్వకండి.

ఆయిలు పాళ్ళు ముందే లెక్కకట్టి రాసుకోండి. 50:1 అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అంటే 40. మాది 50:1. ఇంకా పాతవాటికి, బేరింగులకు బదులు కంచు బుషింగులు ఉన్నవాటికి ఆయిలు ఎక్కువ కావాలి. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉన్న మెరైన్ టూస్ట్రోక్ ఆయిలే వాడాలి. గాలితో చల్లబడే బండ్ల ఆయిలు నీటితో చల్లబడే ఇంజనుకు సరిపడదు, ప్లగ్గుల మీదా పిస్టన్ మీదా బూడిద పేరుస్తుంది.

స్టార్ట్ చేసేముందు ఎలా ఆపాలో పరీక్షించండి. పాతవాటిలో స్విచ్చు ఉండదు, టిల్లరు స్లో దాటి తిప్పితే ఆగాలి, లేదా చోక్ లాగి ఆపాలి. నేనయితే మణికట్టుకు తగిలించుకునే తాడు స్విచ్చు పెట్టించాను. పడవలో పిల్లలు కూర్చుంటారనుకుంటే దాన్ని వదిలే ప్రశ్నే లేదు.

రబ్బరు గుండు గట్టిపడేదాకా నొక్కి, చోక్ వేసి, తాడు ముందు కాస్త లాగి పళ్ళు అందుకున్నాక గట్టిగా. మొదట పొగ దట్టంగా వస్తుంది, కంగారు పడొద్దు. లోపల పోసిన ఆయిలంతా కాలాలి కదా. వెంటనే నీళ్ళ కోసం చూడండి. కొత్త మోటార్లకు పక్కన సన్నటి ధార వచ్చే రంధ్రం ఉంటుంది. మా పాతదానికి అది లేదు, కాలి వెనక ఉన్న రంధ్రాల్లోంచి పొగతో పాటు తుంపర వస్తుంది. తుంపర రాకపోతే వెంటనే ఆపేయండి. వస్తుంటే కాసేపయ్యాక సిలిండర్ తల మీద ఒక నీటి చుక్క వేయండి. చుయ్‌మంటే వేడెక్కిపోతోంది. చుక్క అలా నిలిచి మెల్లగా ఆరితే పంపు పని చేస్తోంది. ఈ పరీక్ష మా చిన్నాడికి ఎంత నచ్చిందంటే, ఆపమనేదాకా చుక్కలు వేస్తూనే ఉన్నాడు.

వేడెక్కాక చోక్ తీసి, స్లో స్క్రూను చుట్టులో ఎనిమిదో వంతు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ కాసేపు ఆగి వినండి. తుమ్మినట్టు చప్పుడు చేస్తే పెట్రోలు చాలట్లేదు. ఉరుముతూ, పొగ కక్కుతూ కుంటితే ఎక్కువైంది. రెండిటి మధ్య సాఫీగా నడిచే చోట పట్టుకుని, ఒక పిసరు పెట్రోలు ఎక్కువ వైపే వదిలేయండి. హై స్పీడు సర్దుబాటు డ్రమ్ములో కుదరదు. ప్రొపెల్లర్ బిగించి పడవ మీద, నీళ్ళ భారం ఉన్నప్పుడే చేయాలి. ఆ మొదటి ప్రయాణంలో ఒడ్డు దగ్గరే ఉండండి, తెడ్లు వెంట ఉంచుకోండి, అందరూ లైఫ్ జాకెట్లు వేసుకోండి. తర్వాత ప్లగ్గులు తీసి రంగు చూడండి. లేత గోధుమ రంగు మంచిది, తడి నలుపు పెట్రోలు ఎక్కువైనట్టు, తెల్లగా ఉంటే తక్కువైనట్టు.

ప్రతి వాడకం తర్వాత మంచినీటి డ్రమ్ములో కాసేపు నడిపి, పెట్రోలు గొట్టం తీసేసి, దానంతట అది ఆగేదాకా వదిలేయండి. కార్బురేటర్ ఖాళీ అవుతుంది, మళ్ళీ జిగురు కట్టదు. చాలాకాలం పక్కన పెట్టాలంటే ప్లగ్గు రంధ్రాల్లోకి ఫాగింగ్ ఆయిలు (లోపల తుప్పు పట్టకుండా కొట్టేది) కొట్టి, తాడు నెమ్మదిగా లాగి, గేరు ఆయిలు మార్చి నిలువుగా ఉంచాలి. కలిపిన పెట్రోలు ట్యాంకులో నెలల తరబడి దాచొద్దు. కౌలింగ్ లోపలి వైపు మార్కరుతో మా ఆయన నాలుగు సంగతులు రాసిపెట్టారు: ఆయిలు పాళ్ళు, ప్లగ్గు నంబరు, పాయింట్ల గ్యాప్, ఇంపెల్లర్ మార్చిన తేదీ. నాన్న ఆ చివరిది చదివి ఏమీ అనలేదు.